ఇరవై తొమ్మిది సంపుటాలు, ఇతర ఆస్తులు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి, పుస్తకాల ఎంపిక విభాగానికి పెద్దగా ఉండి, తొమ్మిదేళ్ళ కిందట రిటైరైన డిప్యూటీ లైబ్రేరియన్‌ను, అరవై తొమ్మిదేళ్ళ అవివాహితను, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. నా మతి సరిగ్గానే ఉంది. ఉన్నట్టు డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతపరిచాను. వందలోంచి ఏడేడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నాడాయన. రెండు దాకా దిగాక, "చాలమ్మా, ఇక చాలు" అని ఆయనే చేతులెత్తేశాడు. నా జ్ఞాపకశక్తి ఎంత బాగుందో ఈ కాగితాలు చదివాక ఇంకొందరికి కూడా తెలుస్తుంది. తెలిసి వాళ్ళేమీ సంబరపడరు.

నా మీద ఎవరి ఒత్తిడీ లేదు. ఒత్తిడి పెట్టేంత ఆశ నా ఆస్తి మీద మా తమ్ముడొక్కడికే ఉండేది. వాడు కూడా ఈ మధ్య మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కలేక రావడం మానుకున్నాడు. ఆరేళ్ళ కిందట రాసిన నా మొదటి వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో నాకున్నదంతా గ్రంథాలయానికి రాసిచ్చాను. అప్పటికి నాకు దాని మీదా, నా మీదా ఇంకా కొంత గౌరవం మిగిలి ఉండేది.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా పక్కింటి లాయరు గారిది. చిత్తుప్రతి మొదటి పేజీ చూసి, "వీలునామాలో ఇలాంటి మాటలు ఉండవు మేడం, ఎవరికేమిస్తున్నారో రాస్తే చాలు" అన్నారు. ముప్పై ఆరేళ్ళపాటు "రిమార్కులు" అనే ఇరుకు గడిలో రెండేసి మాటలు కుక్కి రాశాను. పాతబడింది. చిరిగింది. అక్కర్లేదు. ఇప్పుడు నా కాగితం, నా పెన్ను, నాకు తోచినంత రాస్తాను. ఇందులో ఒక్క మాట కూడా లాయరు గారు కొట్టేయరాదని షరతు.

2. మూడో అంతస్తులో నేనుంటున్న రెండు గదుల ఫ్లాటు, వంటగది సామానుతో, కిటికీ తెరలతో సహా, మా తమ్ముడి కూతురికి, అంటే ఇంటిల్లిపాదీ పెన్సిల్ అని పిలిచే నా మేనకోడలికి చెందాలి. నా తదనంతరం ఆమె సర్వహక్కులతో అనుభవించవచ్చు, ఎవరూ ఆక్షేపించరాదు. స్నానాలగది కుళాయి గట్టిగా బిగిస్తే కారుతుంది, కాస్త వదులుగా ఉంచితే కారదు. ఎందుకో ముగ్గురు ప్లంబర్లు చెప్పలేకపోయారు, నువ్వూ బుర్ర బద్దలు కొట్టుకోకు.

నేను కూర్చున్న కుర్చీలోనే ఇప్పుడు పెన్సిల్ కూర్చుంటోంది. గ్రంథాలయానికి ఏ పుస్తకం కొనాలి, ఏది వద్దు, ఏది తీసి పారేయాలి, అన్నిటికీ ఇప్పుడు దాని సంతకమే. పోయిన ఏడాది గ్రంథాలయం ప్రత్యేక సంచికలో నా మీద నాలుగు పేజీల వ్యాసం రాసింది. "మా అత్త తన చేతుల మీదుగా ఒక్క పుస్తకాన్ని కూడా అన్యాయంగా పోనివ్వలేదు" అని అందులో ఒక వాక్యం. అచ్చులో అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది. పెన్సిల్ మాత్రం పక్కనే నిలబడి, "ఎలా ఉందత్తా? ఏడుస్తావనుకున్నా, ఏంటి అలా చూస్తున్నావ్?" అంటోంది. ఎలా చూడమంటావే తల్లీ. ఏడో అంశం చదివాక ఆ సంచిక దొరికిన చోటల్లా ఆ పేజీ చించెయ్. ఇల్లు మాత్రం నీదే, నన్ను అసహ్యించుకున్నా నీదే.

3. నా ఇనుప బీరువా మా తమ్ముడికి. "మా అక్కకి పెళ్ళెందుకండీ, పుస్తకాల రాకులతో కాపురం చేస్తోందిగా!" అని చుట్టాలు పోగైన ప్రతిచోటా ముప్పై ఏళ్ళుగా వాడిదొకటే జోకు. అందరూ పగలబడి నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే "అక్కకి కోపమొచ్చిందిరోయ్" అనే రెండో జోకు మొదలయ్యేది. బీరువా తలుపు కీచుమంటుంది. మోకాళ్ళు పట్టుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు వాడికి మాట తోడుగా పనికొస్తుంది.

అయితే ఒకటి రాయాలి. అమ్మ మంచాన పడ్డ పద్నాలుగు నెలలూ, ప్రతి ఆదివారం వచ్చి ఆవిడ కాలిగోళ్ళు తీసింది వాడే. నాకు చేతులు వణికేవి. వాడు నేల మీద కూర్చుని, పాదం ఒళ్ళో పెట్టుకుని, కబుర్లు చెబుతూ తీసేవాడు. అందుకని బీరువాతోపాటు అమ్మ ఫోటో కూడా వాడికే.

4. నా హయాం చివరి అయిదేళ్ళూ గ్రంథాలయాన్ని ఏలిన డైరెక్టరు గారికి.

ఆయన పుస్తకాలు చదవరని నేననను. కాకపోతే పుస్తకం చూస్తే ముందు అది ఎంత చోటు తింటోందన్నదే కనిపించేది. చేతిలో టేపు పట్టుకుని రాకుల మధ్య తిరిగేవారు. అన్ని విభాగాలూ కలిసి అరవై రెండు పత్రికలు కావాలని అడిగితే, నాలుగు వేల పత్రికలు కంప్యూటర్లో కనిపించే ప్యాకేజీ ఒకటి తీసుకున్నారు. కొత్తిమీర కట్ట కావాలని వెళ్ళి బండంతా కొనుక్కొచ్చినట్టు. దానికోసం అచ్చు పత్రికలు ఆపేశారు, కొత్త పుస్తకాలు సగానికి తగ్గించారు. ఇవి అద్దె పత్రికలండీ, ఒప్పందం తీరిన రోజున పాత సంచికలు కూడా మనకు మిగలవండీ అని నెత్తీ నోరూ కొట్టుకుంటూ పన్నెండు ఉత్తరాలు రాశాను. మూడేళ్ళకు ఒప్పందం తీరింది. సోమవారం ఉదయం ఒక పరిశోధక విద్యార్థిని కంప్యూటర్ ముందు కూర్చుని, "మేడం, నిన్నటిదాకా ఉన్న పేజీ ఇవాళ రావట్లేదు" అంది. ఆ రోజు డైరెక్టరు గారు సెలవు.

ఆ పన్నెండు ఉత్తరాల నకళ్ళు నా దగ్గరున్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు కనుక, ఆయన ఇంకా చదివి ఉండరనే భావించి, వాటిని ఆయనకే దఖలు పరుస్తున్నాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, రసీదు ఫైల్లో ఉంచాలి.

5. తన పాఠ్యపుస్తకం నలభై కాపీలు మా చేత కొనిపించిన కామర్స్ ప్రొఫెసరు గారికి ఏమీ లేదు. ఏడాదికోసారి తన విద్యార్థులను పంపి వాటిని ఇంటికి తీయించి, మర్నాడే తిరిగి ఇప్పించేవారు. స్లిప్పుల నిండా తేదీ ముద్రలు, లోపల పేజీలు మాత్రం అంటుకునే ఉన్నాయి. మా రికార్డుల ప్రకారం మా గ్రంథాలయంలో అందరికంటే ఎక్కువమంది చదివిన రచయిత ఆయనే. ఆయన పుస్తకాన్ని ఏ తీసివేతా ముట్టుకోలేకపోయింది. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

6. నా రాతబల్ల, దాని మీది దీపం, వరండాలో ఉన్న చెక్క ప్రెస్సు మా బైండింగు మేస్త్రికి. బైండింగు గది మూసేసినప్పుడు ఆ ప్రెస్సును వేలం పాటలో నేను పాడుకున్నాను. ఆ రోజు ఆయన జిగురు గిన్నె కడిగి, తుడిచి, గుమ్మం పక్కన బోర్లించి, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా వెళ్ళిపోయాడు. ముప్పై వేల పుస్తకాలకు వెన్నుపూస నిలబెట్టిన మనిషి. వీడ్కోలు సభ పెడదామంటే "రోజు కూలీ కదా" అన్నారు డైరెక్టరు గారి గదిలో. మేస్త్రీ, అది నీ ప్రెస్సే. పన్నెండేళ్ళుగా దాని కింద ఇస్త్రీ చీరలు పెట్టుకున్నాను, ఏమనుకోకు.

7. నా పడకగదిలో, మంచం కింద, నాలుగు అట్టపెట్టెల్లో ఉన్న బావుల సర్వే పుస్తకాలు ఇరవై తొమ్మిది సంపుటాల గురించి.

ఇవి నావి కావు. విశ్వవిద్యాలయానివి. ఎనభై ఏళ్ళ కిందట సర్వే వాళ్ళు ఊరూరూ తిరిగి, ప్రతి బావి లోతు ఎంత, ఎండాకాలం నీళ్ళు ఎన్ని గజాల కింద ఉన్నాయి, వానాకాలం ఎంత పైకొచ్చాయి, నీళ్ళు తియ్యనివా ఉప్పనివా అన్నీ రాశారు. మొత్తం ముప్పై నాలుగు సంపుటాలు. ఇంకెక్కడా ఇంకో ప్రతి లేదు.

వీటిని చదివే మనిషి ఒకే ఒక్కడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఉత్తరం వైపు కిటికీ దగ్గరి బల్ల తప్ప ఇంకోచోట కూర్చునేవారు కాదు కనుక, కిటికీ మాస్టారు అనేవాళ్ళం. వారంలో అయిదు రోజులు సంపుటాల్లోంచి లెక్కలు రాసుకునేవారు. శని, ఆదివారాలు సైకిలు మీద ఆ ఊళ్ళకే వెళ్ళి, తాడుకు సీసపు గుండు కట్టి, అవే బావుల్లోకి దింపి కొలిచేవారు. ఎందుకండీ ఈ యాతన అని ఒకసారి అడిగాను. "నీళ్ళు ఎంత తగ్గాయో చెప్పాలంటే ఒకప్పుడు ఎంత ఉండేవో తెలియాలి కదమ్మా. అది ఈ పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు" అన్నారు. పదమూడేళ్ళలో పందొమ్మిది సంపుటాలు అయ్యాయి. ఇంకా పదిహేను ఉన్నాయి.

ఇప్పుడు మా లెక్క ఎలా ఉండేదో చెబుతాను. ఇంటికి ఇచ్చే పుస్తకానికి స్లిప్పు మీద తేదీ ముద్ర పడుతుంది, వాడుక తెలిసిపోతుంది. ఈ సంపుటాలు ఇంటికి ఇచ్చేవి కావు, హాల్లోనే కూర్చుని చదవాలి. వాటికి ముద్ర ఉండదు. అందుకని సాయంత్రం అయిదింటికి హాలు ఆయమ్మ బల్లల మీద మిగిలిన పుస్తకాల నంబర్లు నోటుబుక్కులో రాసుకుని, ఆ తర్వాత రాకుల్లో సర్దేది. బల్ల మీద ఉంటే ఎవరో చదివినట్టు. రాకులో ఉంటే ఎవరూ ముట్టనట్టు. దాని కోసమే గోడల మీద నోటీసు పెట్టించాను: చదివిన పుస్తకాన్ని బల్ల మీదే వదలండి.

ఆ నోటీసు రావడానికి రెండేళ్ళ ముందు, మాస్టారు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక సంపుటాన్ని వేరే వరుసలో పెట్టారు. అది వెతకలేక నా ప్రాణం విసిగిపోయింది. మర్నాడు హాలంతా వినేలా, "ఇంత పెద్దవారు, తీసిన చోట పెట్టడం కూడా ఒకరు నేర్పాలా?" అన్నాను. కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన మొహం కందగడ్డలా అయింది. "పొరపాటైందమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం నాలుగున్నరకు లేచి, నంబరు చూసుకుని, సంపుటాన్ని తీసిన చోటే పెట్టి, అంచు వేలితో సరిచేసి ఇంటికి వెళ్ళేవారు. అయిదింటికి ఆయమ్మ వచ్చేసరికి కిటికీ బల్ల ఖాళీ.

పదకొండేళ్ళ కిందట డైరెక్టరు గారు కంప్యూటర్ హాలు కోసం పదిహేను వేల పుస్తకాలు తీసేయమన్నారు. పదేళ్ళుగా ఎవరూ ముట్టని పుస్తకాల జాబితా మా రికార్డుల్లోంచి అచ్చయి వచ్చింది. అందులో బావుల సర్వే ముప్పై నాలుగూ ఉన్నాయి. వాడుక అన్న గడిలో సున్నా. కామర్స్ ప్రొఫెసరు గారి నలభై కాపీలు జాబితాలో లేవు.

ఆయమ్మ నా గది గుమ్మం దాకా వచ్చింది. "అమ్మా, మాస్టారు రోజూ ఆ లావు పుస్తకాలే కదా చూస్తారు. అవి నా నోటుబుక్కులోకి రావట్లేదమ్మా, ఆయనే సర్దేస్తారు" అంది. నేను తలెత్తలేదు. "నీ పని నువ్వు చూసుకో. లెక్క రాసింది నువ్వేగా" అన్నాను. నా గది నుంచి కిటికీ బల్ల నలభై అడుగులు. లేచి వెళ్ళి చూసి ఉంటే సరిపోయేది. పద్నాలుగేళ్ళు పుస్తకాలు ఏరే పనికి పెద్దగా ఉన్నదాన్ని, ఏ పుస్తకం ఎవరికి ప్రాణమో మనుషుల్ని చూసి తెలుసుకోవాలని కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పినదాన్ని, లేవలేదు. సంతకం పెట్టాను. మొదటి పేజీల మీద "తొలగించబడింది" అని ముద్ర వేయించాను. బుధవారం లారీ వచ్చింది.

గురువారం మాస్టారు నా గదికి వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. రాకు ఖాళీగా ఉందేమమ్మా, బైండింగుకు పంపారా అని అడిగారు. నేను జాబితా తీసి, "పదేళ్ళుగా వాటిని ఎవరూ వాడలేదండీ, అందుకని తీసేశాం" అన్నాను. "నేను రోజూ వస్తున్నాను కదమ్మా" అన్నారు. బల్ల మీద వదలమని నోటీసు ఉంది కదండీ అన్నాను. దానికి ఆయన, "అది పిల్లలకు పెట్టారనుకున్నాను. నాకు మీరు వేరే చెప్పారు కదా" అన్నారు. కోపంగా అనలేదు. ఏదో తన వల్ల నాకు ఇబ్బంది కలిగినట్టు అన్నారు. కోప్పడి ఉంటే నాకు ఈ పదకొండేళ్ళూ కాస్త నిద్ర పట్టేది.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి, ఊరి చివర పాత కాగితాల గోదాముకు వెళ్ళాను. సగం సరుకు అప్పటికే గుజ్జు మిల్లుకు వెళ్ళిపోయింది. మిగిలిన గుట్టల్లో మూడు రోజులు ఒంగి వెతికాను. ఇరవై తొమ్మిది దొరికాయి. ఎనిమిది, ఇరవై రెండు, ఇరవై మూడు, ముప్పై, ముప్పై ఒకటి దొరకలేదు. వాటిలో నాలుగు ఆయన ఇంకా తెరవనివి. గోదాము వాడు తూకం వేస్తూ, "ఏంటమ్మా, మీరే పంపిస్తారు, మళ్ళీ మీరే కొనుక్కెళ్తారు!" అని నవ్వాడు.

అంతవరకు చేశాను కదా, మర్నాడే తీసుకెళ్ళి రాకులో పెట్టొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. పెట్టలేదు. పెడితే నిరుపయోగమని నేను సంతకం చేసిన కాగితం అబద్ధమని ఒప్పుకోవాలి. కమిటీ అడుగుతుంది, డైరెక్టరు గారికి సందు దొరుకుతుంది, విచారణ వేస్తారు. నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళు. కాస్త సద్దుమణిగాక చూద్దామనుకున్నాను. రిటైరయ్యాక, ఇన్నాళ్ళు ఎందుకు దాచారని అడుగుతారేమోనని ఆగాను. ఏడాది గడిచేకొద్దీ చెప్పుకోవాల్సిన సంజాయిషీ పొడుగవుతూ వచ్చింది. డైరెక్టరు గారిని నాలుగో అంశంలో నోటికొచ్చినట్టు రాశాను, అందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ పుస్తకాలు పోయింది ఆయన టేపు వల్ల కాదు, నా సంతకం వల్ల. అవి తిరిగి రాకపోయింది నా పిరికితనం వల్ల.

మాస్టారు ఆ తర్వాత నెల రోజులు వచ్చారు. అదే కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చునేవారు. నేను వెనక మెట్ల మీదుగా తిరగడం మొదలుపెట్టాను. వేరే గ్రంథాలయాలకు ఆయన ఉత్తరాలు రాసినట్టున్నారు. ఒక పెద్ద గ్రంథాలయం జవాబు ఆయన పేరున మా చిరునామాకే వచ్చింది. కవరు అంటించి లేదు. చదివాను. "మీరు కోరిన సంపుటాలు మా వద్ద లేవు. మీ ఊరి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పూర్తి సెట్టు ఉన్నట్టు మా జాబితా చెబుతోంది. దయచేసి అక్కడ విచారించగలరు." ఆ కవరు ఆయనకు పంపించాను. ఆయన మళ్ళీ రాలేదు.

కనుక పైన చెప్పిన ఇరవై తొమ్మిది సంపుటాలను, నా మరణానంతరం, కిటికీ మాస్టారికి, వయసు ఎనభై రెండు, కాపురం వాటర్ ట్యాంకు వెనక వీధిలో నీలం గేటు ఇల్లు, ఆయన పని ముగిసేదాకా వాడుకునేందుకు అప్పగించాలి. ఆ తర్వాత అవి గ్రంథాలయానికి తిరిగి చేరాలి.

8. నా ఫ్రిజ్జు, కుట్టుమిషను, పడక కుర్చీ హాలు ఆయమ్మకు. ఆమె లెక్క తప్పు కాదు, ఆమె చెప్పిన మాటే సరైన లెక్క, నేను చెవిన పెట్టలేదని ఈ కాగితం మీద ఒప్పుకుంటున్నాను. పోయిన వారం నన్ను చూడటానికి వచ్చింది. మాస్టారికి ఒక కంటికి ఆపరేషనైందట, సైకిలు మానేశారట, బావుల నోటుబుక్కులు మాత్రం మంచం పక్కనే పెట్టుకుంటారట. "ఇప్పటికీ అడుగుతుంటారమ్మా, కాగితాల కొట్లలో ఎక్కడన్నా కనపడితే చెప్పమంటారు. పాపం, పిచ్చి ఆశ" అంది. గోడకు అవతల పెట్టెలు. నేను టీ ఇంకొంచెం పోయనా అని అడిగాను.

9. గ్రంథాలయంలో నా పేరున ఒక మూల ఏర్పాటు చేస్తామని, పలక కూడా చెక్కిస్తామని ఉత్తరం పంపారు. వద్దు. సంతాప సభ కూడా వద్దు. నా సొంత పుస్తకాల్లో పెన్సిల్‌కు నచ్చినవి తీసుకుని, మిగతావి ఎవరు అడిగితే వారికి ఇవ్వాలి. ఎవరూ అడగకపోతే అడగలేదని అర్థం, దానికి నోటుబుక్కు అక్కర్లేదు.

పెన్సిల్, ఈ ఏడాది నీ బల్ల మీదికి ఇరవై వేల పుస్తకాల జాబితా వచ్చిందని విన్నాను. సంతకానికి ముందు కాగితాలు గదిలో వదిలేసి మూడు రోజులు హాల్లో కూర్చో. ఎవరు ఏ రాకు దగ్గరికి పోతున్నారో చూడు. ఆయమ్మలు చెప్పేది విను. ఇది సలహా అనుకో, షరతు అనుకో, ఇల్లు ఎలాగూ ఇచ్చేశాను కనుక నిన్ను బెదిరించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

అదనపు అంశం. ఇవాళ ఉదయం చేర్చినది.

నిన్న లాయరు గారు మొత్తం చదివారు. ఏడో అంశం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "ఈ మాస్టారికి ఎనభై రెండన్నారు. మీకు అరవై తొమ్మిది" అన్నారు. అవునన్నాను. "అంటే ఈ పుస్తకాలు ఆయనకు అందాలంటే ఆయనకంటే ముందు మీరు పోవాలి. ఆ ఉద్దేశంతోనే రాశారా మేడం?" అన్నారు.

ముప్పై ఆరేళ్ళు తేదీలతో బతికినదాన్ని, ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోలేదు. నిజం చెప్పాలంటే పెట్టుకోవాలనిపించలేదు. నేను పోయాక ఇవ్వండి అని రాయడం ఔదార్యమని నన్ను నేను నమ్మించుకున్నాను. అది ఆయన మొహం చూడకుండా తప్పించుకోవడానికి వేసిన ఎత్తు. ఆయన కాస్త ముందు కన్ను మూస్తే ఇంకా మంచిదని మనసులో ఏ మూలో ఉందేమో కూడా. ఛీ.

అందుచేత ఏడో అంశంలోని చివరి పేరాను కొట్టివేస్తున్నాను. మిగతా పేరాలు అలాగే ఉండాలి. ఆ సంపుటాలు ఇక ఈ పంపకంలో భాగం కావు, నా మంచం కిందా ఉండవు. నాలుగు పెట్టెలూ కింద ఆటోలో ఉన్నాయి. ఈ వీలునామా నకలు ఒకటి ఇప్పుడే పెన్సిల్‌కు పంపిస్తున్నాను. విశ్వవిద్యాలయం సొత్తు పదకొండేళ్ళు ఇంట్లో పెట్టుకున్నందుకు నా మీద ఏ చర్య తీసుకోవాలో అది తీసుకోవాలి, మేనత్తనని మొహమాటపడకూడదు. పుస్తకాలు మాత్రం మాస్టారి పని అయ్యేదాకా ఆయన దగ్గరి నుంచి కదపరాదు. ఆయనకు చూపు ఆనకపోతే నేనే కూర్చుని చదివి వినిపిస్తాను, ఆయన ఒప్పుకుంటే.

ఆయన తలుపు తీస్తారో, మొహాన వేస్తారో తెలియదు. పోయిన అయిదింటి గురించి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తిట్టొచ్చు. తిట్లు తినాలంటే మనిషి బతికుండాలి కనుక, నేను పోయేదాకా ఆగకుండా ఇవాళే వెళుతున్నాను.

తేదీ 11-3-2025, మంగళవారం, ఉదయం పదిన్నర.

(సంతకం)
విశ్రాంత డిప్యూటీ లైబ్రేరియన్, పుస్తకాల ఎంపిక విభాగం

సాక్షులు:

1. (సంతకం) కింది వాటాలో ఉండే టైలరు. వీలునామా రాసినావిడ నా కళ్ళ ముందే సంతకం చేశారు. ఆవిడ మనసు నిలకడగానే ఉంది.

2. (సంతకం) ఆటో డ్రైవరు. నాలుగు పెట్టెలు, ఇరవై తొమ్మిది పుస్తకాలు నేనే ఎక్కించాను. అమ్మ మెట్లు దిగుతున్నారు.